ఎస్‌ఎస్‌బీ స్క్రీనింగ్‌కి ఎలా తయారవ్వాలి: రెండుసార్లు వెనక్కొచ్చినవాడి మాట

సైన్యంలో ఆఫీసర్లని ఎంపికచేసే ఇంటర్వ్యూ బోర్డుని ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు) అంటారు. అక్కడ మొదటి రోజు వడపోతే స్క్రీనింగ్. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకాయన చేతిలో కాగితంతో వస్తాడు. పేర్లు చదవడు, చెస్ట్ నంబర్లు చదువుతాడు. నంబరు వినిపించినవాళ్ళు ఒక పక్కకి వెళ్ళి నిలబడాలి. వినిపించనివాళ్ళు సామాను సర్దుకుని బస్సెక్కాలి. మొదటిసారి నాది 31. ఆయన ఇరవై ఎనిమిది అన్నాడు, ఆ వెంటనే ముప్పై నాలుగు అన్నాడు. నా పక్కనున్న కుర్రాడు నా మొహం చూసి, గబుక్కున చూపు తిప్పేసుకున్నాడు. ఆ సాయంత్రం బెంగళూరు స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ మీద కూర్చుని, అమ్మ ఐదు రోజులకని కట్టిచ్చిన చేగోడీలు ఒక్క పూటలో సగం తినేశాను.

మాది విజయనగరం దగ్గర పల్లెటూరు. నాన్న ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యారు. నేను సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష) రాసి నాలుగుసార్లు ఎస్‌ఎస్‌బీకి వెళ్ళాను. రెండుసార్లు స్క్రీన్డ్ అవుట్, అంటే మొదటి రోజే వెనక్కి. మూడోసారి ఐదు రోజులూ ఉండి కాన్ఫరెన్స్ అవుట్, అంటే చివరి రోజు బోర్డు సమావేశంలో వద్దన్నారు. నాలుగోసారి రికమెండ్ అయ్యాను, అంటే బోర్డు సరేనంది, మెడికల్స్ కూడా దాటాను, మెరిట్ లిస్టులో మాత్రం పేరు రాలేదు. ఆ తర్వాత వయసు దాటిపోయింది. ఇప్పుడు బ్యాంకులో క్లర్కుని. ఆదివారం పొద్దున్న మా ఊరి రామాలయం అరుగు మీద ఐదారుగురు పిల్లల్ని కూర్చోబెట్టి ఇదే ప్రాక్టీసు చేయిస్తుంటాను. వాళ్ళకి నోటితో చెప్పేది ఇక్కడ రాస్తున్నాను.

ఆఫీసరు కావడానికి ఇంటర్ తర్వాత రాసే ఎన్‌డీఏ అయినా, సీడీఎస్ అయినా, ఎయిర్‌ఫోర్స్ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ అయినా, ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ అయినా దారి ఎస్‌ఎస్‌బీ గుండానే. ఆర్మీకి బెంగళూరు, భోపాల్, ప్రయాగ్‌రాజ్ లాంటి చోట్ల బోర్డులున్నాయి. ఎయిర్‌ఫోర్స్‌కి మైసూరు, డెహ్రాడూన్, వారణాసి. నేవీ బోర్డు మన వైజాగ్‌లోనూ ఉంది. మొత్తం ఐదు రోజుల వ్యవహారం, కానీ నేను వెళ్ళిన నాలుగు బ్యాచ్‌లలోనూ సగానికి పైగా మంది మొదటి రోజే ఇంటిదారి పట్టారు. అందుకే ఇక్కడ ఎక్కువగా మొదటి రోజు గురించే చెప్తాను. ఇదంతా నేను వెళ్ళినప్పటి పద్ధతి. మీ కాల్ లెటర్‌లో వేరేలా ఉంటే లెటర్‌లో ఉన్నదే చెయ్యండి.

ముందురోజు దిగండి

రిపోర్టింగ్ పొద్దున్నే ఉంటుంది. రైలు సరిగ్గా అదే రోజు తెల్లవారుజామున దిగేలా టికెట్ తీసుకుంటే, అది రెండు గంటలు లేటైన రోజున మీ ఎస్‌ఎస్‌బీ ప్లాట్‌ఫామ్ మీదే అయిపోతుంది. నేను విజయనగరంలో ప్రశాంతి ఎక్కి ముందురోజే బెంగళూరులో దిగేవాణ్ణి. స్టేషన్ దగ్గర చవక లాడ్జిలో పడుకుని, పొద్దున్న స్టేషన్‌లో ఎంసీఓ ఆఫీసు (సైన్యం వాళ్ళ ప్రయాణాలు చూసే ఆఫీసు) దగ్గరికి వెళ్ళిపోతే అక్కణ్ణించి వాళ్ళ బస్సే తీసుకెళ్తుంది.

ఫైలు ఇంట్లోనే సర్దుకోండి. కాల్ లెటర్, టెన్త్ నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్స్, ఒక్కోదానికి రెండేసి జిరాక్సులు, ఫొటోలు లెటర్‌లో చెప్పినదానికంటే ఓ అరడజను ఎక్కువ. ఒక ఎంట్రీకి మొదటిసారి వెళ్ళేవాళ్ళకి రానూపోనూ థర్డ్ ఏసీ దాకా ఛార్జీ ఇస్తారు, కాబట్టి టికెట్ పారేయకండి. పెన్నులు మూడు. నా రెండో ట్రిప్పులో పక్క బెంచీ అబ్బాయి పెన్ను కథ మధ్యలో ఆగిపోయింది. చెయ్యెత్తి అడిగి ఇంకోటి తెచ్చుకునేసరికి అరనిమిషం పోయింది. ఉన్నదే నాలుగు నిమిషాలు.

బట్టలు కొత్తవి కొనకండి. ఇస్త్రీ చేసిన లేతరంగు చొక్కా, ముదురు ప్యాంటు, అప్పటికే నాలుగుసార్లు తొడిగిన బూట్లు చాలు. కొత్త బూట్లు కాలు కొరికితే రోజంతా ధ్యాస మడమ మీదే ఉంటుంది.

పీఐక్యూ అని మీ సొంత వివరాల ఫారం ఒకటి ఇస్తారు. ఊరు, కుటుంబం, మార్కులు, ఆటలు, హాబీలు, ఎన్నిసార్లు వచ్చారు, అన్నీ రాయాలి. దాన్ని ఒకటికి రెండుసార్లు నింపాల్సి వస్తుంది. ఇంటర్వ్యూ చేసే ఆఫీసరు ముందు ఉండేదీ అదే. ఇంట్లో ఓసారి తెల్లకాగితం మీద నింపి చూసుకోండి. ఇంటర్ పర్సెంటేజీ గుర్తులేక అక్కడ ఫైలు వెతుక్కునేవాళ్ళని ప్రతిసారీ చూశాను.

పొద్దుటి పరీక్ష

చెస్ట్ నంబరున్న గుడ్డ (బిబ్) ఛాతీ మీద వేసుకున్నాక మొదట ఓఐఆర్, అంటే తెలివితేటల పరీక్ష. రీజనింగ్ పేపర్లు రెండు, ఒకటి వెర్బల్, ఒకటి బొమ్మలతో. సిరీస్, కోడింగ్, రక్తసంబంధాలు, అద్దంలో ప్రతిబింబం, పాచికలు. బ్యాంకు పరీక్షలకి చదివినవాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు. ఇబ్బందల్లా టైముతోనే. నెలరోజులు రోజూ ఒక సెట్టు, గడియారం పెట్టుకుని చెయ్యండి. ఒక లెక్క దగ్గర పంతానికి పోకండి. ఇంతకంటే దీని గురించి చెప్పేదేమీ లేదు.

ముప్పై సెకన్ల బొమ్మ

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. పీపీడీటీ అంటారు, బొమ్మ చూసి కథ రాసి చర్చించే పరీక్ష. తెర మీద మసకగా ఒక బొమ్మ ముప్పై సెకన్లు చూపిస్తారు. తర్వాత ఒక నిమిషంలో ఎంతమంది కనిపించారు, ఆడా మగా, వయసెంత, ఏ మూడ్‌లో ఉన్నారు అన్నది కాగితం మీద గుర్తులు వెయ్యాలి. ఆ తర్వాత నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. రాసిన కాగితం వాళ్ళు తీసేసుకుంటారు. కాసేపయ్యాక పదిహేనుమంది దాకా అర్ధచంద్రాకారంలో కూర్చుని, ఎదురుగా ఆఫీసర్లు చూస్తుండగా, ఒక్కొక్కరు నిమిషంలో తమ కథ చెప్పాలి. చివరికి అందరూ చర్చించి ఒకే కథకి రావాలి.

నేను మొదటిసారి వెళ్ళేముందు ఒక కోచింగ్ సెంటర్‌లో పదిహేను రోజులు కూర్చున్నాను. అక్కడ ఐదు కథలు బట్టీ పట్టించారు: మెడికల్ క్యాంపు, వరదలు, స్వచ్ఛతా కార్యక్రమం, ఊళ్ళో లైబ్రరీ, యాక్సిడెంటు. బొమ్మ ఏదొచ్చినా ఐదింట్లో ఒకదాన్ని తగిలించెయ్యమన్నారు. మా గ్రూపులో కథలు చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, పదిహేనుమందిలో ఏడుగురి హీరో పేరు రాహుల్. ఏడుగురు రాహుల్‌లూ మెడికల్ క్యాంపే పెట్టారు. ఎదురుగా కూర్చున్న మేడం రాయడం ఆపేసి పెన్ను టేబుల్ మీద పెట్టింది. ఆరో రాహుల్‌ని నేనే.

మూడోసారికి నా హీరో పేరు పైడిరాజు అయ్యాడు. మా పక్కింటి కుర్రాడి పేరు. పేరు మారడం వల్ల స్క్రీనింగ్ దాటానని కాదు. పైడిరాజు అనగానే నాకు ఒక మనిషి కళ్ళముందు కనిపిస్తాడు. వాడు ఏం చేస్తాడో, దేనికి తటపటాయిస్తాడో, ఎవరిని సాయం అడుగుతాడో ఆలోచించుకోనక్కర్లేదు. రాహుల్ ఎవరో నాకు తెలీదు.

ఇంట్లో ప్రాక్టీసు ఇలా చెయ్యండి. దినపత్రికలో మనుషులున్న ఫొటో ఒకటి తీసుకోండి, కింద వార్త చదవకుండా కత్తిరించండి. దాని మీద ట్రేసింగ్ పేపర్ గానీ, మిఠాయి కొట్లో ఇచ్చే నూనె కాగితం గానీ పెడితే అచ్చం అక్కడి మసకే వస్తుంది. ఫోన్‌లో ముప్పై సెకన్లు పెట్టుకుని చూడండి. మోగగానే బోర్లా పెట్టేసి, నిమిషంలో మనుషుల వివరాలు గుర్తులు వెయ్యండి, నాలుగు నిమిషాల్లో రాయండి. ఆ ఫొటోలో ఏముందో తేల్చుకోవడానికి కూర్చోకండి. మీకు కనిపించిన మనిషి ఎవరు, అంతకుముందు ఏం జరిగింది, ఇప్పుడేం చేస్తున్నాడు, తర్వాత ఏమైంది, ఈ నాలుగూ ఉంటే కథే. మా అరుగు మీద పిల్లలు మొదట్లో ‘ముందు ఏం జరిగింది’ అనేదానికే మూడు నిమిషాలు ఖర్చుపెట్టేస్తారు. హీరో కష్టం తీరకుండానే బెల్లు కొట్టేస్తుంది. వెనకటి సంగతి రెండు వాక్యాలు దాటనివ్వకండి.

కథలో టెర్రరిస్టుల్ని దింపకండి. బొమ్మలో ఇద్దరు ముసలివాళ్ళు చెట్టుకింద కూర్చుని మాట్లాడుకుంటుంటే బాంబు ఎక్కణ్ణించి వచ్చిందని ఎవరైనా అడుగుతారు.

రోజుకి రెండు బొమ్మలు, నలభై రోజులు. అంతకంటే ఎక్కువ చేస్తే మళ్ళీ కథలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి.

ఇంగ్లీషు సంగతి

టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళం, నిమిషంలో కథ చెప్పే ఈ నరేషన్‌కే చెమటలు పడతాయి. నేను చేసిందేమిటంటే, రాసిన ప్రతి కథనీ ఫోన్‌లో రికార్డు చేసి విన్నాను. మొదటి వారం భరించడం కష్టం. వినగా వినగా ఒకటి పట్టుకున్నాను: నేను తప్పు మాట్లాడుతున్నది పొడుగు వాక్యాల్లో మాత్రమే. ‘విచ్’, ‘హూమ్’ అంటూ తోక తగిలించిన ప్రతిచోటా కింద పడుతున్నాను. వాక్యాన్ని విరగ్గొట్టేశాను. ‘పైడిరాజు ఈజ్ ట్వెంటీ త్రీ. హి రన్స్ ఎ సైకిల్ షాప్. వన్ ఈవెనింగ్ హి సా స్మోక్.’ ఇంతే. గ్రామర్ పాడవ్వడానికి ఇందులో చోటే లేదు. నిమిషంలో పది పన్నెండు ఇలాంటి వాక్యాలు హాయిగా పడతాయి.

ఫిష్ మార్కెట్

అందరూ ఒకేసారి అరిచే గ్రూపుని అక్కడ ఫిష్ మార్కెట్ అంటారు. నరేషన్లు అయిపోయి ‘ఇక చర్చించుకోండి’ అనగానే అది మొదలవుతుంది. దీనికి తయారవ్వకుండా వెళ్తే ఎంత మంచి కథ రాసినా లాభం లేదు.

నేను మొదటిసారి చేసిన తప్పు వేరు. బొమ్మలో నాకు నులక మంచం కనిపించింది, దాని మీద రోగి. మిగతావాళ్ళలో ఎక్కువమందికి పడవ కనిపించింది. ఎవరు పడవ అన్నా నేను ‘నో, ఇట్ ఈజ్ ఎ కాట్’ అన్నాను. నాలుగుసార్లు అన్నాను. రైల్లో తిరిగొస్తూ కూడా అది మంచమే అనుకున్నాను. మంచమే అయ్యుండొచ్చు కూడా. కానీ ఆ ఇరవై నిమిషాల్లో నేను చేసిన పనల్లా అదొక్కటే.

రెండోసారి దానికి విరుగుడు అనుకుని రెచ్చిపోయాను. అందరికంటే ముందు మొదలుపెట్టాను, అందరికంటే గట్టిగా మాట్లాడాను, గొంతు బొంగురుపోయింది. ఆ గ్రూపులో సగంమంది బొమ్మలో ఉన్నది టీచర్ అంటున్నారు, సగంమంది డాక్టర్ అంటున్నారు. గోల గోల. నాకు రెండు కుర్చీల అవతల చెస్ట్ నంబర్ 9, అనంతపురం అబ్బాయి, అంతసేపూ మాట్లాడలేదు. ఒక్కసారి గోల తగ్గిన సందు చూసుకుని ‘లెట్ హిమ్ బి ఎ టీచర్. పీపుల్ గాట్ ఫీవర్. హి కాల్డ్ ద డాక్టర్’ అన్నాడు. మూడు ముక్కలు. డాక్టర్ పార్టీ వాళ్ళూ సరేనన్నారు, టీచర్ పార్టీ వాళ్ళూ సరేనన్నారు. ఆ తర్వాత మహా అయితే ఇంకో రెండుసార్లు మాట్లాడి ఉంటాడు. మధ్యాహ్నం వాడి నంబరు చదివారు, నాది చదవలేదు. కోపంతో కాసేపు వాడికి ఎవరో రికమెండేషన్ ఉందనుకున్నాను. ఆ కోపం ట్రైను గుంటూరు దాటేదాకా ఉంది.

అప్పణ్ణించి నేను పట్టుకున్న పద్ధతి, పిల్లలకి చెప్పేదీ ఇదే. మిగతావాళ్ళు కథ చెప్తున్నప్పుడు మీ కథని మనసులో వల్లె వేసుకోకండి, వాళ్ళది వినండి. పదిహేను కథల్లో ఎక్కువమంది ఒప్పుకునేది ఏమిటో అప్పుడే తెలిసిపోతుంది. చర్చ మొదలవగానే ‘మనలో ఎక్కువమంది ముగ్గురు మనుషులన్నాం, పల్లెటూరన్నాం, అక్కణ్ణించి మొదలెడదాం’ అన్న మాట మీ నోటివెంట వస్తే ఆ గ్రూపుకి పని చేసిపెట్టినట్టే. మీ కథ వదిలెయ్యాల్సి వస్తే వదిలెయ్యండి, రాసిన కాగితం ఎలాగూ వాళ్ళ దగ్గరే ఉంది. మాట్లాడేవాణ్ణి మధ్యలో కోయాల్సి వస్తే నంబరు పెట్టి పిలవండి: ‘నంబర్ ట్వెల్వ్, ఐ అగ్రీ విత్ యు’ అని మొదలుపెడితే ఎంత అరిచేవాడైనా ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణం చాలు. మాట్లాడేటప్పుడు గ్రూపుని చూడండి. ఆఫీసర్ల వైపు చూసి మాట్లాడేవాళ్ళు ఫిర్యాదు చేస్తున్నట్టు కనిపిస్తారు.

గ్రూపు కథ చెప్పమని మిమ్మల్ని ఎంచుకుంటే గ్రూపు కథే చెప్పండి. మా మూడో గ్రూపులో ఒకతను లేచి మళ్ళీ తన సొంత కథే చెప్పుకొచ్చాడు. కూర్చున్నాక కూడా ఏం తప్పు చేశాడో అతనికి తెలియలేదు.

దీనికి ప్రాక్టీసు ఒంటరిగా కుదరదు. మా అరుగు మీద ఒక పద్ధతి పెట్టుకున్నాం. చర్చ జరుగుతున్నప్పుడు ఇద్దరు చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టి ఎక్కాలు గట్టిగా చదవమంటాం. ఆ గోలలో తొణక్కుండా మూడు వాక్యాలు పూర్తి చెయ్యగలిగితే అక్కడి గోల లెక్కలోది కాదు. ఐదుగురు దొరక్కపోతే ఇంట్లో టీవీ సౌండు పెంచుకుని చెయ్యండి, అమ్మ తిట్టేదాకా.

లోపల ఉండిపోతే

మర్నాడు సైకాలజీ. పొద్దుటి పూటంతా రాస్తూనే ఉండాలి. బొమ్మలు చూసి కథలు రాసే టీఏటీలో పదకొండు బొమ్మలు, చివర ఒక ఖాళీ స్లైడు, ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. పదం చూడగానే తట్టింది రాసే వాట్‌లో అరవై పదాలు, ఒక్కో పదానికి పదిహేను సెకన్లు. ఇలా జరిగితే ఏం చేస్తావు అని అడిగే ఎస్‌ఆర్‌టీలో అరవై సందర్భాలు అరగంటలో. చివర మీ గురించి మీరే రాసే ఎస్‌డీటీ, పదిహేను నిమిషాలు. పన్నెండు కథలు గబగబా రాసేసరికి వేళ్ళు పట్టేస్తాయి. నేను ముందు నుంచే రోజూ గంటసేపు చేత్తో రాసే అలవాటు చేసుకున్నాను. ఫోన్‌లో టైప్ చేసే చేతులకి ఈ ముక్క ఎవరూ చెప్పరు.

వాట్‌లో ‘ఫెయిల్యూర్’ అని పదం పడితే హాలు మొత్తం ‘ఫెయిల్యూర్ ఈజ్ ద స్టెప్పింగ్ స్టోన్ టు సక్సెస్’ అనే రాస్తుంది. సామెతలు వద్దు. ఆ మాట వినగానే మీకు తట్టిన సంగతి రాయండి. నాకు మా బోరు మోటారు గుర్తొచ్చింది, రెండుసార్లు కాలిపోతే మూడోసారి స్టార్టరు మార్పించాం అని రాశాను. ఎస్‌ఆర్‌టీలో పూర్తి వాక్యాలు అక్కర్లేదు. ‘టీటీఈకి చెప్పాడు, ఇంటికి ఫోన్ చేశాడు, ప్రయాణం సాగించాడు’ అంటే చాలు. అది మొదట రాసిన మూడో ట్రిప్పులో నేను నలభై నాలుగు దగ్గర ఆగిపోయాను, అక్షరాలు అందంగా రాస్తూ కూర్చుని.

ఎస్‌డీటీలో అమ్మానాన్నలు, టీచర్లు, స్నేహితులు మీ గురించి ఏమనుకుంటారో, మీ గురించి మీరేమనుకుంటారో, ఎలా మారాలనుకుంటున్నారో రాయాలి. దీనికి ప్రిపరేషన్ ఒకటే: నిజంగా వెళ్ళి అడగండి. నేను మా అమ్మని అడిగాను. చేటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా, ‘చెప్తే చేస్తావు, చెప్పకపోతే చెయ్యవు’ అంది. ఇంగ్లీషులో అదే రాశాను. నాలుగోసారి ఇంటర్వ్యూలో ఆఫీసరు చాలాసేపు దీని చుట్టూనే తిప్పాడు: ఎవరూ చెప్పకుండా నువ్వు చేసిన పని ఒకటి చెప్పు అని. మూడు నిమిషాలు వెతుక్కున్నాను. చెప్పడానికి ఉంది కాబట్టి దొరికింది.

ఆ తర్వాత జీటీఓ (గ్రూప్ టెస్టింగ్ ఆఫీసర్) గ్రౌండు. రెండు గ్రూప్ డిస్కషన్లు, మ్యాపు మీద ప్లానింగ్, ఫట్టాలు (చెక్కపలకలు), బల్లీలు (దుంగలు), తాళ్ళతో అడ్డంకులు దాటడం, పాము ఆకారంలో పెద్ద బరువు మోస్తూ వేరే గ్రూపులతో పరుగు పందెం, లెక్చరెట్ అనే మూడు నిమిషాల చిన్న ప్రసంగం, మూడు నిమిషాల్లో ఒక్కరే దాటాల్సిన పది అడ్డంకులు. కండలు ఉన్నవాళ్ళదే రాజ్యం అనుకుని భయపడ్డాను, అలా ఏం లేదు. రూల్స్ చెప్తున్నప్పుడు విననివాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఎర్రరంగు పూసినది ముట్టుకోకూడదు అని చెప్పిన రెండు నిమిషాలకే దాని మీద కాలేసేవాళ్ళు ప్రతి గ్రూపులో ఉంటారు. ఇంట్లో చెయ్యాల్సినవి: తాడుతో గట్టి ముడి వెయ్యడం నేర్చుకోండి, చెట్టు కొమ్మకి వేలాడే తాడు ఎక్కండి, పొలం గట్టు మీద తూలకుండా నడవండి. పల్లెటూరివాళ్ళకి ఇది కోచింగ్ లేకుండానే వచ్చే మార్కు.

రిటర్న్ టికెట్

అందరూ అడిగే ప్రశ్న ఇది. స్క్రీనింగ్ రోజుకి తీసుకోవాలా, ఐదో రోజుకా? ఐదో రోజు సాయంత్రానికే తీసుకోండి. మొదటి రోజే పంపేస్తే జనరల్‌లోనో తత్కాల్‌లోనో ఎలాగోలా వచ్చేస్తాం.

నేను మూడోసారి ఈ మాట పాటించలేదు. రెండు దెబ్బలు తిన్నవాణ్ణి కదా, స్క్రీనింగ్ రోజు రాత్రికే స్లీపర్ టికెట్ తీసుకుని వెళ్ళాను. ఆ మధ్యాహ్నం నా నంబరు చదివారు. ఫోన్లు డిపాజిట్ చెయ్యమంటే, ఇచ్చేముందు నాన్నకి ఫోన్ చేశాను.

‘ఏరా, బస్సెక్కేశావా?’ అన్నారు.

‘లేదు నాన్నా, దుప్పటి ఇచ్చారు. ఈ రాత్రి టికెట్ నువ్వు క్యాన్సిల్ చేసెయ్యాలి.’

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత గొంతు సవరించుకుని, ‘అదెలా చెయ్యాలో నాకు తెలీదురా’ అన్నారు. ‘పోతే పోనీ ఆ ఆరొందలు.’